బల్‌విన్నీ కోట గోడకి చలేసింది

వాటీ లమ్స్‌డెన్ మేస్త్రీకి ఉన్నది ఒక్కటే పిచ్చి. గోడలకి కంబళ్ళు కప్పుతాడు.

కప్పడమంటే ఏదో మొక్కుబడిగా కాదు. సాయంత్రమయ్యేసరికి పరంజా ఎక్కి, ఆ వారం కట్టిన వరసల మీద ఒక్కొక్క కంబళీ పరిచి, అంచులు రాళ్ళ సందుల్లో దోపి, పైన ప్లాస్టిక్ పట్టా లాగి కట్టి, చివర్న అరచేత్తో రెండుసార్లు మెల్లగా తడతాడు, పసిపిల్లని జోకొట్టినట్టు. మనిషికి డెబ్బై ఒకటి. చేతులు పారల్లా ఉంటాయి. ఆ చేతులతో అంత మెత్తగా తట్టడం చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది, నవ్వాక కాస్త సిగ్గేస్తుంది.

"చలికి సున్నం బెదిరిపోతుంది" అంటాడు. ఎండ కాస్తే గోడకి వడదెబ్బ తగులుతుందంటాడు. వాన పడితే జలుబు చేస్తుందంటాడు. స్కాట్లండులో ఈ మూడూ ఒకే పూట జరుగుతాయి కాబట్టి, మా లోయలో వాటీ కంబళి కప్పని రోజంటూ లేదు.

అసలు సంగతేమిటంటే అతను చెప్పేదాంట్లో సగం నిజమే. మా పాత కోటలన్నీ డంగుసున్నంతో కట్టినవి. వాటిని బాగుచెయ్యాలన్నా సున్నమే వాడాలి. సిమెంటు పెడితే గోడ లోపల్లోపలే చెమ్మపట్టి కుళ్ళిపోతుంది. సున్నానికేమో ఓపిక ఎక్కువ, తొందర తక్కువ. నెమ్మదిగా ఆరాలి. ఆరేలోపు గడ్డమంచు పట్టిందో, లోపలి తడి గడ్డకట్టి ఉబ్బి, పొద్దున్నే వేలితో గీకితే పిండిలా రాలుతుంది. అప్పుడు కట్టిందంతా విప్పి మళ్ళీ కట్టాలి. అందుకని ఏ మేస్త్రీ అయినా కొత్త గోడ మీద గోనెపట్టాలు కప్పుతాడు. గోనెపట్టాలు చాలు. ఎక్కడైనా చాలు. ఒక్క వాటీకే చాలవు.

"గోనెపట్టా గరుకు. గోడకి గుచ్చుకుంటుంది. ఉన్ని కావాలి" అంటాడు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

ఈ మూడు కాళ్ళ కుందేలుతో కాపరం చెయ్యాల్సొచ్చింది ఎల్స్‌పెత్ ఇమ్లాక్‌కి. ఆమె అబర్డీన్‌లో ఒక బడి వంటశాలలో ఇరవై ఆరేళ్ళు వంట చేసింది. మొగుడు పోయిన రెండేళ్ళకి ఉద్యోగం మానేసి, ఇల్లమ్మేసి, బల్‌విన్నీ కోట కొనేసింది. కోట అంటే నాలుగు గోడలు, వాటి మధ్య ఆకాశం, పొగగొట్టంలో నాలుగు వందల కాకులు. దాన్ని బాగుచేయించి, ఆరు గదులు వేయించి, వచ్చేపోయే అతిథులకి బస ఇస్తానంది. పిచ్చి ముదిరింది, రోకలి తలకి చుట్టండి అంది లోయంతా. ఎల్స్‌పెత్ పట్టించుకోలేదు. కోట పెరట్లో ఒక పాత కారవాన్ బండి నిలబెట్టుకుని, అందులోనే వండుకుని, అందులోనే పడుకుని, పొద్దున లేస్తే గోడ ఎంత ఎత్తు లేచిందో చూసుకుంటూ బతికింది.

వాటీ పనిలోకి వచ్చిన మొదటి సాయంత్రమే ఆమె గళ్ళ రగ్గు మాయమైంది. తీగ మీద ఆరేసిన రగ్గు తీగ మీద లేదు. తలెత్తి చూస్తే గోడ మీద ఉంది.

"వాటీ! అది నా రగ్గు!"

"అవునమ్మాయ్. మంచి ఉన్ని."

"మరి నేనేం కప్పుకోను?"

"నువ్వు కోటు వేసుకోగలవు. గోడ వేసుకోలేదు కదా."

బడిలో మూడొందల మంది పిల్లల్ని ఒక్క గరిటె చూపించి వరసలో నిలబెట్టిన మనిషి, ఆ రాత్రి కోటు తొడుక్కునే పడుకుంది.

ఆ రగ్గు మర్నాడు పొద్దున్న ఏడింటికి తిరిగొచ్చింది. కారవాన్ తలుపు దబదబా బాదుతున్నాడు. ఎల్స్‌పెత్ ఇంకా నిద్రలోనే ఉంది.

"ఎవరది?"

"రగ్గు."

"మెట్టు మీద పెట్టి వెళ్ళండి!"

"కుదరదు. చేతికివ్వాలి."

తలుపు తీసి రగ్గు లాక్కునేదాకా కదల్లేదు. రాత్రి ఎలా పట్టింది నిద్ర, గ్యాసు పొయ్యి ఆపే పడుకున్నావా, మొహం వాచిందేం, అని మూడు ప్రశ్నలు వేసి, జవాబులు విని మరీ వెళ్ళాడు. సాయంత్రం మళ్ళీ వచ్చి రగ్గు పట్టుకెళ్ళాడు. మర్నాడు ఏడింటికి మళ్ళీ దబదబ. ఆదివారం కూడా వదల్లేదు.

ఒక్క రగ్గుతో కోట గోడకి ఏమవుతుంది? వాటీ లోయ మీద పడ్డాడు. స్ట్రాకన్ టీచరమ్మ మంచం మీది నీలం కంబళి వచ్చింది. గౌల్డ్ మామ్మ పెళ్ళినాటి తెల్ల కంబళి వచ్చింది. చెవిటి పోస్ట్‌మన్‌దీ, చర్చిలో ఆర్గన్ వాయించే ఆవిడదీ, వేట అడవికి కాపలా కాసి పని మానేసినాయనదీ తలొకటి వచ్చాయి. గొర్రెల రైతు హ్యూయీ డుగిడ్ ఇంట్లో కంబళి లేదన్నాడు. అయితే బీరువా తియ్యమన్నాడు వాటీ. మేనకోడలి పెళ్ళికని ఇస్త్రీ చేయించి పెట్టుకున్న కిల్టు, అదే మా మగవాళ్ళు నడుముకి చుట్టుకునే గళ్ళ కుచ్చిళ్ళ పంచె, కనపడింది.

"అది నా కిల్టు వాటీ! మా తాత కట్టింది, మా నాన్న కట్టింది!"

"ఎనిమిది గజాల ఉన్ని. ఒంటి నడుముకి ఎనిమిది గజాలెందుకు? పడమటి గోడకి సరిగ్గా సరిపోతుంది."

పెళ్ళి శనివారమైతే శుక్రవారం రాత్రిదాకా ఆ కిల్టు పడమటి గోడ మీదే ఉంది. హ్యూయీ పెళ్ళిలో నాట్యమాడుతుంటే మడతల్లోంచి సున్నం రాలిందని పెళ్ళికూతురి అత్తగారు ఇప్పటికీ చెప్పుకుంటుంది. ఆ తర్వాత హ్యూయీ పరుగెత్తుకెళ్ళి ఒక కంబళి కొనుక్కొచ్చాడు.

ఎల్స్‌పెత్‌ని కాల్చుకుతిన్నది కంబళ్ళు కాదు, వాటి రాకపోకలు. వాటీ రోజూ మూడున్నరకే తాపీ కిందపెట్టి, వ్యానేసుకుని ఏడిళ్ళూ తిరిగి కంబళ్ళు పోగుచేసుకొస్తాడు. పొద్దున్నే అన్నీ విప్పి, మడతపెట్టి, ఏడిళ్ళకీ తిరిగిచ్చి, తొమ్మిదింటికి గానీ పని మొదలెట్టడు. రోజుకి మూడు గంటలు మట్టిలో కలిసినట్టే.

"అన్నీ ఇక్కడే ఒక మూల పెట్టుకోకూడదా? రోజూ ఇచ్చేదెందుకు, తెచ్చేదెందుకు?" అని ఒకరోజు నిలదీసింది.

వాటీ ఆమె వంక జాలిగా చూశాడు. "పరాయి కంబళి పగలు సొంతింట్లో లేకపోతే బెంగ పెట్టుకుంటుందమ్మాయ్. బెంగపడ్డ ఉన్నిలో వెచ్చదనం ఉండదు."

"ఎవరు చెప్పారు?"

"మా గురువు."

"ఆయన్ని అడుగుతాను, ఎక్కడున్నాడు?"

"పోయాడు. నలభై ఏళ్ళయింది."

అలా అలా అక్టోబరు వచ్చేసింది. గోడ తల, అంటే పైకొసన ఉండే చివరి వరసలు, ఆ వారమే పూర్తయ్యాయి. శుక్రవారం పదింటికి పాత కట్టడాలు చూసే ఇన్‌స్పెక్టరు పిరీ గారు వస్తారు. ఆయన గోడ తల పరీక్షించి సరేనంటే, సోమవారం నుంచి పైకప్పు వేసేవాళ్ళు దిగుతారు. మంచు దెబ్బ తగిలిందన్నారా, పై వరసలన్నీ విప్పాలి. విప్పితే చలికాలంలో మళ్ళీ కట్టడానికి లేదు. కప్పు మళ్ళీ వేసవిదాకా లేనట్టే. అంటే ఎల్స్‌పెత్‌కి ఇంకో చలికాలం కారవాన్‌లో. కిందటి చలికాలం ఆ బండిలో పళ్ళు తోముకునే నీళ్ళు కూడా గడ్డకట్టాయి. ఇంకొకటి తన వల్ల కాదని ఆమెకి తెలుసు. కాకపోతే కోట అమ్మేసి పోవడమే. అది మాత్రం ఎవరితోనూ అనలేదు.

గురువారం మధ్యాహ్నానికి ఆకాశం కడిగినట్టు తేటగా అయిపోయింది. గాలి ఆగిపోయింది. మా వైపు అక్టోబరులో అలా అయితే ఆ రాత్రి గడ్డమంచు రాసిపెట్టినట్టే. వాటీ మూడున్నరకే వ్యానేసుకుని బయల్దేరాడు. నాలుగున్నరకి రావాలి. ఐదయింది, రాలేదు. ఐదుంపావు అయింది. ఎల్స్‌పెత్ ముక్కుకొస చల్లబడింది. కోట గోడ తల బోడిగా, తడి తడిగా, ఆకాశం కింద దిక్కులేనట్టు నిలబడి ఉంది.

"ముసలాడా! ఇవాళే దొరికిందా నీకు ఎవరింట్లోనో టీ తాగుతూ కూర్చోడానికి!" అని అరిచింది. కాకులు తప్ప వినేవాళ్ళెవరూ లేరు.

ఏది దొరికితే అది కప్పుదామని వాటీ సామాన్ల కొట్టం తలుపు తోసింది. సున్నం తొట్లున్నాయి, జల్లెళ్ళున్నాయి. వాటి వెనక గోడకి ఆనించి గోనెపట్టాల కట్టలున్నాయి, పన్నెండు. కొత్తవి. కట్టిన పురికొస కూడా తెంపలేదు. కోటంతా ముసుగేసినా మిగిలేన్ని.

ఎల్స్‌పెత్ ఒక కట్ట మీద కూలబడింది. ఇన్ని గోనెపట్టాలు పెట్టుకుని ఏడాదిగా లోయలో అందరి మంచాలూ దోచుకున్నాడా ఈ మనిషి? తన నిద్ర, రోజుకి మూడు గంటల పని, హ్యూయీ కిల్టు, అన్నీ దేనికోసం?

ఆ కోపంలో రెండు కట్టలు ఈడ్చుకుంటూ బయటికొచ్చేసరికి ట్రాక్టరు చప్పుడు వినబడింది. హ్యూయీ నడుపుతున్నాడు. వెనక గొర్రెల్ని మోసే ట్రాలీలో గడ్డిమోపుల మీద నలుగురు ముసలాళ్ళు వరసగా కూర్చునున్నారు, ఒక్కొక్కరి ఒళ్ళో ఒక కంబళి. మధ్యలో స్ట్రాకన్ టీచరమ్మ, టోపీ పెట్టుకుని, హ్యాండ్‌బ్యాగు పట్టుకుని, రాణిగారి బండిలో కూర్చున్నంత ఠీవిగా ఉంది.

"వాటీ ఏడీ?" అంది దిగకుండానే.

"నన్నడుగుతారేంటి? మీ ఇళ్ళకే కదా వచ్చాడు!"

"మా ఇంటికి నాలుగూ పదికి రావాలి. నాలుగుంపావయినా రాలేదంటే ఏదో అయిందనే కదా లెక్క! హ్యూయీకి ఫోన్ చేశాను. అక్కడికీ రాలేదు."

"నా దగ్గరికి నాలుగుంపావుకి" అన్నాడు చెవిటి పోస్ట్‌మన్, అడక్కుండానే. "ఏడాదిలో ఒక్క రోజు తప్పలేదు. కొట్టీ కొట్టీ తలుపుకి సొట్ట పడింది."

"గోడ పాడైపోతుందేమోనని వచ్చాం" అన్నాడు హ్యూయీ. "తూర్పు గోడ నా కంబళి లేకపోతే నిలవదని వాటీయే చెప్పాడు."

"నీ కంబళా!" టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుంది. "తూర్పు గోడ నా నీలం కంబళి మీద ఆధారపడి ఉంది. అలా అని ఒట్టేసి చెప్పాడు."

"నాకూ తూర్పు గోడే చెప్పాడు" అంది ఆర్గన్ వాయించే ఆవిడ సన్నగా.

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. బల్‌విన్నీ కోటకి ఉన్నది ఒకటే తూర్పు గోడ.

ఎల్స్‌పెత్ గోనెపట్టాల కట్టలు వదిలేసింది. ఆమె ఆ ముసలి మొహాలన్నీ వరసగా చూసింది. టీచరమ్మ ఒంటరిది. పోస్ట్‌మన్ ఒంటరివాడు. హ్యూయీకి గొర్రెలు తప్ప ఎవరూ లేరు. ఊరికే వచ్చి, "బతికున్నావా?" అని తలుపు తడితే వీళ్ళలో ఒక్కరూ తియ్యరు, పౌరుషంతో చచ్చిపోతారు. అదే గోడకి సాయం కావాలంటే ట్రాక్టరెక్కి వస్తారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. చేతికే ఇవ్వాలి.

"మరి నా దగ్గరికెందుకు?" అంది పైకే. "నా తలుపెందుకు బాదుతాడు పొద్దున్నే?"

"అందరికంటే ముందు నీ దగ్గరికే వస్తాడటగా" అంది టీచరమ్మ. "డబ్బా బండిలో గ్యాసు పొయ్యి పెట్టుకుని ఒక్కతీ పడుకుంటుంది, లేచిందో లేదో చూస్తే గానీ నాకు టీ దిగదు అంటాడు."

"నేనా? నాకు యాభై నాలుగే!"

"నాకు ఎనభై ఒకటి. నన్ను మాత్రం ముసలిదన్నాడా? ఉన్ని మంచిదన్నాడు."

ఎల్స్‌పెత్‌కి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగేలోపే ఇంకో సంగతి తట్టింది. వేళ్ళతో లెక్కపెట్టింది. "గౌల్డ్ మామ్మ ఏది?"

"ఫోన్ ఎత్తలేదు. ఎప్పుడూ ఎత్తదులే" అన్నాడు హ్యూయీ.

"వాటీ మొదట వెళ్ళేది ఎవరింటికి?"

లోయ పైకొసన మొట్టమొదటి ఇల్లు గౌల్డ్ మామ్మదే.

ఎల్స్‌పెత్ ఒక్కసారి గోడ వంక చూసింది. రాళ్ళ మీద అప్పుడే తెల్లటి పొడిలాంటిది మెరుస్తోంది. "గోడ ఎటైనా పోనీ. హ్యూయీ, ట్రాక్టరు తిప్పు. ముందు మామ్మ ఇంటికి" అంది.

హ్యూయీ ట్రాక్టరు తిప్పనైనా లేదు, కారవాన్‌లో ఫోన్ మోగింది. ఎల్స్‌పెత్ బడి మెట్ల మీద పిల్లలు ఉరికినట్టు ఉరికింది.

"గోడ కప్పావా?" అన్నాడు వాటీ అవతల్నుంచి.

"వాటీ! ఎక్కడ చచ్చారు?"

"ఆస్పత్రిలో."

"ఏమైంది మీకు?"

"నాకేమవుతుంది! మామ్మకి తుంటి విరిగింది. మధ్యాహ్నం వంటింట్లో పడిందిట. తలుపు కొడితే లోపల్నుంచి అరుస్తోంది, 'ఇవాళ కంబళి ఇవ్వలేను వాటీ, దాని మీదే పడ్డాను' అని. కిటికీ పగలగొట్టి దూరాను. ఈ వయసులో నేను దూరే కిటికీ కాదది. అంబులెన్సులో నా చెయ్యి వదల్లేదు. గోడ సంగతి చూసుకో, నేనెక్కడికీ పోను, నువ్వెళ్ళు అంటూనే ఉంది, చెయ్యి మాత్రం వదల్లేదు."

"ఎలా ఉంది ఇప్పుడు?"

"ఎముక అతికిస్తారట. నర్సు పెట్టిన టీ బాలేదని పోట్లాడుతోంది. డాక్టరేమో, ఈ చలిలో తెల్లారేదాకా అలాగే ఉండుంటే... అది సరే. గోడ కప్పావా లేదా?"

ఎల్స్‌పెత్ బయటికొచ్చి చెప్పింది. అందరికీ ఒక్కసారి ప్రాణం లేచొచ్చింది. చెవిటి పోస్ట్‌మన్‌కి మూడుసార్లు చెప్పాల్సొచ్చింది. మూడోసారి వినబడ్డాక ఆయన టోపీ తీసి గాల్లోకి ఎగరేశాడు. అది కాకుల గూట్లో చిక్కుకుంది.

"ఇక నిలబడి చూస్తారేం? మంచు మీకోసం ఆగుతుందా?" అంది టీచరమ్మ. అరవై ఏళ్ళ కిందట ఆ లోయలో సగం మందికి ఎక్కాలు నేర్పిన గొంతు అది. ఎల్స్‌పెత్, హ్యూయీ పరంజా ఎక్కారు. కింద నలుగురూ చేతులు మార్చి కంబళ్ళందించారు. అంచులు దోపారు. వాళ్ళయిదుగురివీ, ఎల్స్‌పెత్ గళ్ళ రగ్గూ కలిపి ఆరయ్యాయి. ఈశాన్యం మూల ఒక్కటి బోడిగా మిగిలింది, అది గౌల్డ్ మామ్మ వంతు. అక్కడ మాత్రం గోనెపట్టా వేసి కట్టారు. దిగేముందు ఎల్స్‌పెత్ ఎవరూ చూడకుండా గోడని అరచేత్తో రెండుసార్లు తట్టింది.

శుక్రవారం పొద్దున లోయంతా ఉప్పు చల్లినట్టు తెల్లగా ఉంది. పిరీ గారు పదింటికి సరిగ్గా వచ్చారు. సన్నటి మనిషి, జేబులో చిన్న చాకు. కంబళ్ళు ఒక్కొక్కటే ఎత్తి, సున్నంలో చాకు గుచ్చి చూశారు. ఒకచోట వేలితో గీకారు. ఇంకోచోట ముక్కు ఆనించి వాసన చూశారు. ఎల్స్‌పెత్ కింద నిలబడి ఊపిరి బిగబట్టింది. రాత్రి ఆఖరి బస్సుకి వచ్చేసిన వాటీ మాత్రం పక్కన నిలబడి బిస్కట్టు నములుతున్నాడు.

"ఎక్కడా దెబ్బ తగల్లేదు" అన్నారు పిరీ గారు కిందికి దిగొచ్చి. "ఈశాన్యం మూల కూడా భేషుగ్గా ఉంది. కప్పు వేసుకోవచ్చు."

ఎల్స్‌పెత్ వదిలిన ఊపిరికి పిరీ గారి చేతిలో కాగితాలు లేచాయి. వెళ్ళి కారవాన్ మెట్టు మీద కూర్చుంది. ఇంకో చలికాలం లేదు. కోట తనదే.

"ఒక్క అనుమానం" అన్నారు పిరీ గారు. "కొట్టంలో అన్ని గోనెపట్టాలు పెట్టుకుని, ఈ మంచి కంబళ్ళెందుకు?"

ఆరునెలల సావాసానికే వారు వీరవుతారంటారు. ఇక్కడ ఏడాది గడిచింది. ఎల్స్‌పెత్ తల పంకించి, "గోనెపట్టా గరుకండీ. గోడకి గుచ్చుకుంటుంది" అంది.

వాటీ నమలడం ఆపి ఆమె వంక చూశాడు. పిరీ గారు వెళ్ళాక మాత్రం, "ఈశాన్యం మూల గోనెపట్టా వేసింది ఎవరు?" అని ఆ రోజంతా సణిగాడు.

నవంబరు ఆఖరికి కప్పు పడింది. గోడల మీదకి మంచూ లేదు, ఎండా లేదు, వానా లేదు. అందరూ సంబరపడుతుంటే వాటీ ఒక్కడూ మొహం వేలాడేసుకుని తిరగడం మొదలెట్టాడు. మూడున్నరకి వ్యాను తాళం తీస్తాడు, మళ్ళీ జేబులో వేసుకుంటాడు. ఎల్స్‌పెత్ రెండు రోజులు చూసి, మూడో రోజు టీ చేతికిచ్చి మెల్లగా అంది:

"లోపలి గోడలకి పూసిన సున్నానికి కూడా చలేస్తుందేమో వాటీ. కంబళ్ళు తెప్పిద్దామా?"

వాటీ మొహం ఎర్రబడింది. "కప్పు కింద సున్నానికి కంబళా? నలుగురు మేస్త్రీలు వింటే నా మొహాన ఉమ్మేస్తారు. సున్నం విషయంలో నేను అబద్ధం ఆడనమ్మాయ్."

"ఏడాదిగా ఆడింది ఏమిటో!"

"అది ఉన్ని విషయంలో."

వాటీ చూపు పెద్ద హాల్లో కొత్తగా కట్టిన పొయ్యి మీద పడింది. ఎద్దు పట్టేంత పొయ్యి. పైన నలభై అడుగుల పొగగొట్టం.

"కొత్త పొగగొట్టం ఒక్కసారిగా వేడెక్కితే పగులుతుంది" అన్నాడు నెమ్మదిగా. "రోజూ చిన్న మంట వేసి, మెల్లమెల్లగా ఆరబెట్టాలి. ఇది నిజం. ఏ మేస్త్రీనైనా అడుగు."

"మంట దగ్గర ఎవరైనా కూర్చోవాలా?"

"కూర్చోక! మంట పెరక్కూడదు, ఆరక్కూడదు. ఒక్కరి వల్ల అయ్యే పనా? ఆరేడుగురు కావాలి. మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా." అప్పుడే లేచి వ్యాను తాళం తీశాడు.

మే నెలలో బల్‌విన్నీ కోటకి మొదటి అతిథులు వచ్చారు. గ్లాస్గో నుంచి ఒక బ్యాంకు ఆయన, ఆయన భార్య. సామాన్లు దింపి హాల్లోకి వచ్చేసరికి పొయ్యి చుట్టూ ఆరుగురు ముసలాళ్ళు, వాళ్ళ మధ్య వాటీ. ఒకరు అల్లుతున్నారు, ఒకరు కునుకుతున్నారు, హ్యూయీ, పోస్ట్‌మన్ చీట్ల పేక దగ్గర దెబ్బలాడుకుంటున్నారు. అందరికంటే మెత్తటి కుర్చీలో, చేతికర్ర పక్కన పెట్టుకుని గౌల్డ్ మామ్మ కూర్చుని, టీలో పాలు తక్కువయ్యాయని ఎల్స్‌పెత్‌ని కేకలేస్తోంది.

"వీళ్ళూ అతిథులేనా?" అన్నాడు బ్యాంకు ఆయన.

"కాదండీ. పొగగొట్టం ఆరబెడుతున్నారు" అంది ఎల్స్‌పెత్.

"కట్టి ఎన్నాళ్ళయింది?"

"ఏడు నెలలు."

"ఇంకా ఆరలేదా!"

అందరూ వాటీ వంక తిరిగారు. వాటీ లేచి, పొయ్యి దగ్గరికి వెళ్ళి, చొక్కా చెయ్యి పైకి మడిచి, పొగగొట్టంలోకి చెయ్యి పెట్టి చాలాసేపు తడిమాడు. తల అడ్డంగా ఊపాడు.

"చెమ్మగానే ఉంది. ఈ రకం రాయి మొండిది. ఇరవై ఏళ్ళు పట్టినా పట్టొచ్చు."

స్ట్రాకన్ టీచరమ్మ మనసులో తన వయసుకి ఇరవై కూడుకుంది. "అయితే తొందరేం లేదు" అని, గ్లాస్గో వాళ్ళ కోసం తన కుర్చీ కాస్త పక్కకి జరిపింది.